అప్‌డేట్: సుప్రీమ్స్ పాటలో ఆ వింత శబ్దం సంగతి తేలింది

అమెరికన్ గాయనిల గ్రూపు సుప్రీమ్స్ 1967 పాట ‘రిఫ్లెక్షన్స్’ మొదట్లో వచ్చే ఆ ఎలక్ట్రానిక్ శబ్దం ఏ వాయిద్యానిదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఆసిలేటర్ అన్నవాళ్ల మాటే నిజం.

అసలు అది వాయిద్యమే కాదు! స్టూడియో పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి ఇంజనీర్లు వాడే సిగ్నల్ జనరేటర్. ఒకే స్వరం నిలకడగా ఇస్తుంది, డయల్ తిప్పితే శ్రుతి పైకీ కిందకీ జారుతుంది. డెట్రాయిట్‌లో వాళ్ల రికార్డు కంపెనీ మోటౌన్ వాళ్లు దాన్నే పాటలోకి తెచ్చేశారు. పాప్ పాటల్లో సింథసైజర్ ఇంకా అరుదుగా వినిపించే రోజులవి.

మీలో ఒకరు హెడ్‌ఫోన్స్‌లో వినమన్నారు, విన్నాను. ఆ బ్లీప్‌లు అలా తేలిపోతుంటే కింద నుంచి మోటౌన్ వాద్యకారుడు జేమ్స్ జామర్సన్ బేస్ గిటార్ అందుకుంటుంది చూడండి, ఒళ్లు పులకరించింది. పైన అంత వింత శబ్దం ఉన్నా పాట నేల విడవలేదంటే ఆ బేస్ చలవే అంటాను. చేజారిన ప్రేమను తలచుకునే పాటకి ఆ శబ్దం అతికినట్టు సరిపోయింది కూడా.

ఇంకోటి. ఫ్లారెన్స్ బల్లార్డ్ గ్రూపులో ఉన్న చివరి రోజుల రికార్డింగ్ ఇది. రికార్డు బయటికొచ్చేసరికి ఆమె స్థానంలో సిండీ బర్డ్‌సాంగ్ ఉంది, గ్రూపు పేరు ‘డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్’ అయింది. ఇది తెలిశాక వెనక వచ్చే గొంతుల్ని వేరేగా వింటున్నాను.

అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్‌లో 2వ స్థానంలోనే ఆగిందట. నాకైతే వాళ్ల నంబర్ వన్ పాటలన్నిటికంటే ఇదే ఎక్కువ.

ఇలాంటి పరికరాలు వాడిన సోల్ (ఈ పాట లాంటి అమెరికన్ నల్లజాతి సంగీతం) పాటలు ఇంకేమైనా ఉంటే చెప్పండి.