ఉగాది ప్రోగ్రాం: సియాటిల్ వచ్చేవాళ్ల ట్రాన్స్‌పోర్ట్, వాలంటీర్లు చూడండి

వాణి:
అందరికీ నమస్తే. ట్రాన్స్‌పోర్ట్ పని నేను తీసుకున్నా కదా, అనుకున్నది ఇక్కడ పెడుతున్నా, చదివి చెప్పండి. హాల్ డౌన్‌టౌన్‌లో వెస్ట్‌లేక్ స్టేషన్‌కి రెండు బ్లాకులే కాబట్టి ఎయిర్‌పోర్ట్‌కి కార్లు పంపే కన్నా లింక్ ట్రైన్ నయం, 40 నిమిషాల్లో తెచ్చి దింపేస్తుంది, ఎంత దూరమెళ్లినా మామూలు టికెట్ 3 డాలర్లే, 18 ఏళ్ల దాకా పిల్లలకి ఫ్రీ. ఆర్కా కార్డ్ (ఇక్కడి ట్రైన్లు, బస్సులకి వాడే టికెట్ కార్డ్) ఎక్కేముందు ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు.

నా భయమంతా ట్రైన్ ఎక్కేదాకానే. బ్యాగేజ్ తీసుకున్నాక స్టేషన్‌కి పార్కింగ్ గరాజ్ నాలుగో ఫ్లోర్‌లోంచి చాలా దూరం నడవాలి. పోయినేడు మా అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు నేను స్టేషన్‌లోనే నిలబడ్డా, వాళ్లేమో రెండేసి సూట్‌కేసులు, పైన ఆవకాయ ప్యాకెట్ల అట్టపెట్టె తోసుకుంటూ ఆ సిమెంట్ స్తంభాల మధ్య ఇదే దారో కాదో తెలీక మాటిమాటికీ ఆగారంట, ఆ రాత్రంతా అత్తయ్యకి మోకాళ్లు పట్టేసి నిద్రే లేదు. కాబట్టి మనవాళ్లు స్టేషన్‌లో కాదు, బ్యాగేజ్ బెల్టుల దగ్గరే ఉండాలి, ఇది మాత్రం నేను మార్చను.

కిరణ్:
కరెక్ట్ అక్కా. ఇంకోటి, ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో ట్రైన్లు రెండు వైపులా వెళ్తాయి, డౌన్‌టౌన్‌కైతే లిన్‌వుడ్ వైపుది ఎక్కాలి. "లిన్‌వుడ్ వైపు ఎక్కండి, వెస్ట్‌లేక్‌లో దిగండి" అని పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక చీటీ ప్రింట్ చేసి, కింద ఇంగ్లీషులో కూడా రాసి ఇద్దాం, దారి తప్పితే పక్కవాళ్లకి చూపించొచ్చు. ప్రింటింగ్ నేను చూసుకుంటా.

సుబ్బారావు:
అమ్మా వాణీ, ప్లాన్ బాగుంది. ఆదివారం అందరినీ ఫెర్రీ ఎక్కిస్తే ఎలా ఉంటుంది? మా ఊరు కోనసీమ, పడవ అంటే నాకు ప్రాణం, అది చూడకుండా వాళ్లని వెనక్కి పంపబుద్ధి కావట్లేదు.

వాణి:
తప్పకుండా బాబాయ్ గారూ. పియర్ 52 రేవు నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి 35 నిమిషాలు, నడిచి ఎక్కేవాళ్లకి వెళ్లేటప్పుడే టికెట్, తిరిగొచ్చేటప్పుడు అడగరు. మార్చిలో వాన పడినా లోపల పెద్ద కిటికీల పక్కన కూర్చుని నీళ్లు చూసుకోవచ్చు. ఎటొచ్చీ ఈ ఊరంతా ఎత్తుపల్లాలు, రేవు నుంచి పయనీర్ స్క్వేర్ స్టేషన్ దగ్గరే కానీ వచ్చేటప్పుడు అంతా ఎక్కుడే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అక్కడ ఒక కారు పెడదాం. పైక్ ప్లేస్ మార్కెట్ నుంచి వాటర్‌ఫ్రంట్‌కి దిగాలంటే 2024 అక్టోబర్‌లో తెరిచిన ఓవర్‌లుక్ వాక్ అనే నడకదారి ఉంది, దానికి లిఫ్ట్ కూడా ఉంది, మెట్ల దారిలో ఎవర్నీ తీసుకెళ్లొద్దు.

కిరణ్:
పిల్లలు మోనోరైల్ అడుగుతారు, వెస్ట్‌లేక్ నుంచి స్పేస్ నీడిల్‌కి రెండు నిమిషాలే, టైముంటే చూద్దాం.

వాణి:
సరే. శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా బ్యాగేజ్ దగ్గర ఇంకా ఇద్దరు కావాలి, సూట్‌కేసులు తోయగలిగినవాళ్లయితే మంచిది, పేర్లు కింద రాయండి.

సుబ్బారావు:
నా పేరు రాసుకో అమ్మా. మా అబ్బాయిని కూడా తీసుకొస్తా.