బల్గేరియా రాజు బోరిస్ క్రైస్తవంలోకి వచ్చింది భక్తితోనా, భయంతోనా?

ఓరుగల్లు కుర్రాడు: 864లో బోరిస్ బాప్తిస్మం తీసుకున్నాడు. ఇందులో భక్తీ గిక్తీ ఏమీ లేదు. దేశంలో కరువు, సరిహద్దులో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) సైన్యం, నల్ల సముద్రంలో వాళ్ల ఓడలు. కొత్త పేరు కూడా అక్కడి చక్రవర్తి మిఖాయేల్‌దే పెట్టుకున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

గోదారి గట్టు: అంత భయపడ్డవాడు రెండేళ్లకే పోప్‌కి ఎందుకు రాస్తాడండీ? బల్గేరియాకి సొంత చర్చి ఉండటానికి బైజాంటియం ఒప్పుకోకపోతే రోమ్‌కి ప్రశ్నల చిట్టా పంపాడు. పోప్ నికోలస్ నుంచి 106 జవాబులొచ్చాయి. ఇటూ అటూ బేరమాడి, 870లో బైజాంటియం రాజధాని కాన్‌స్టాంటినోపుల్ వైపే ఉంటూ తన దేశానికంటూ ఒక ఆర్చిబిషప్‌ని సంపాదించుకున్నాడు. అదీ రాజకీయం అంటే.

సందేహాలరావు: టైటిల్‌లో బల్గేరియా రాజు అంటే అందరూ స్లావ్ అనుకుంటారు కదా, బోరిస్ స్లావ్ ఎలా అవుతాడు? బల్గార్లు స్టెప్పీ మైదానాల నుంచి వచ్చిన టర్కిక్ తెగ.

పాలపిట్ట: ఆ 106లో ప్యాంట్ల గురించి కూడా అడిగారట, నిజమేనా 😄

గోదారి గట్టు: నిజమే. వేసుకుంటే వేసుకోండి, మాకేం పట్టింపు లేదన్నాడు పోప్. బుధ, శుక్రవారాల్లో స్నానం చేయొచ్చా అని కూడా అడిగారు.

సీతమ్మవాకిలి: ప్యాంట్ల దగ్గరే ఆగిపోయారేంటి? కొత్త మతం వద్దని తిరగబడ్డ 52 మంది దొరలను చంపించాడు. పిల్లల్నీ వదల్లేదు. ఏ తప్పూ చేయని వాళ్లను చంపడం పాపమని ఆ జవాబుల్లో పోపే రాశాడు. అది కనబడలేదా?

గోదారి గట్టు: ఆ కాలంలో ఏ రాజు చేతికి రక్తం అంటలేదు చెప్పండి? స్లావుల భాషలో ప్రార్థనలు నేర్పిన మెథోడియస్ శిష్యులను మొరావియా (ఇప్పటి చెక్ ప్రాంతం) నుంచి తరిమేస్తే, 886లో వాళ్లకు చోటిచ్చింది ఎవరు? వాళ్లలో క్లిమెంట్‌ని ఓహ్రిద్ ఊరి వైపు పంపి ఆ భాషలో బడి పెట్టించింది ఎవరు? అప్పటిదాకా చర్చిలో జనానికి అర్థంకాని గ్రీకే.

సందేహాలరావు: నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

ఓరుగల్లు కుర్రాడు: అబ్బా, రాజు బల్గార్, జనంలో ఎక్కువమంది స్లావులు. ఇద్దరినీ కలపడానికే ఒకే మతం. చాలా?

సీతమ్మవాకిలి: కలపడమా? 889లో మఠంలో చేరిన మనిషి, పెద్దకొడుకు వ్లాదిమిర్ పాత దేవుళ్లను మళ్లీ తెస్తున్నాడని 893లో బయటికొచ్చి వాడి కళ్లు పీకించాడు. చిన్నవాడు సిమెయోన్‌ని గద్దెనెక్కించాడు. మా తాతయ్యా అంతే, ఒక్కడే నిర్ణయించి ఇంటిల్లిపాదికీ మతం మార్పించాడు. నాయనమ్మని ఎవరూ అడగలేదు. పాత పటాలన్నీ గోనెసంచిలో వేసి కాలవలో పడేశారు. మీకు బోరిస్ గొప్పవాడు కావచ్చు, నాకు మాత్రం ఆ తాతయ్యే.

గోదారి గట్టు: తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూల్లో చదివానండీ నేను. సొంత మాటలో దేవుణ్ని పిలుచుకోనిచ్చిన రాజును తిట్టడానికి నాకు నోరు రాదు.

సీతమ్మవాకిలి: భాష ఇచ్చాడు సరే. వద్దు అనే వీలు ఇచ్చాడా?

సందేహాలరావు: అయితే టైటిల్‌లో బల్గార్ రాజు అని మార్చండి.