తోక మోటారు మార్చాలా, హెలికాప్టరే మార్చాలా?

అన్నలారా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. రెండు నెలల కింద నాలుగు ఛానెళ్ల (నాలుగు రకాల కదలికల్ని అదుపు చేసే) చిన్న ఆర్‌సీ, అంటే రిమోట్‌తో ఎగిరే హెలికాప్టర్ కొన్నా, ఒకే సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీది. హాల్లో దాన్ని గాల్లో నిలకడగా నిలబెట్టిన రోజు ఎంత సంతోషమో! మిద్దె మీద మాత్రం చిన్న గాలికే కొట్టుకుపోతుంది.

ఇప్పుడు కొత్త బాధ. బ్యాటరీ 4.2 వోల్టులకు నిండినా, పైకి లేపగానే ముక్కు ఎడమకు తిరిగిపోతోంది. రిమోట్‌లో ట్రిమ్ (పక్కకు లాగడాన్ని సరిదిద్దే మీట) మొత్తం కుడికి పెట్టినా ఆగట్లేదు. తోక రెక్క మార్చి చూశా, అదే తంతు. తోక మోటారులో బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయని నా అనుమానం. అదే రకం మోటారు వేయాలా? బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని మోటారు) వేస్తే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) కూడా కావాలి కదా, పాత బోర్డుతో కుదురుతుందా? లేక ఆ డబ్బు దాచుకుని, రెక్కల కోణం మారే కలెక్టివ్ పిచ్ మోడల్‌కు పోవడం మేలా? టంకం వేయడం వచ్చు. తిరుపతిలో ఎగరేసేవాళ్లుంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటా.