కొత్తూరు పార్సెల్ సెంటర్: ఉద్యోగాలు ఎవరికి?

పాత స్కానర్:
కొత్తూరు దగ్గర కొత్త పార్సెల్ సెంటర్ తెరుస్తున్నారు. 'స్థానికులకు ఉద్యోగాలు' అని ఫ్లెక్సీ కూడా కట్టారు. ఐడీ కార్డు మీద ఎవరి పేరుంటుందో ఎవరైనా అడిగారా? కంపెనీదా, కాంట్రాక్టర్‌దా? శంషాబాద్ వైపు ఒక గోడౌన్‌లో 11 నెలలు చేశాను. 14 వేల జీతంలో ఈఎస్ఐ అని నెలనెలా 105 కోశారు. బెల్టులో చెయ్యి ఇరుక్కుని ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్తే నా పేరు మీద బీమా నంబరే లేదు.

రింగురోడ్డు:
105 అంటే 0.75 శాతం. లెక్క కరెక్టే. యజమాని ఇంకో 3.25 శాతం వేస్తాడు. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు, తర్వాత ఔటర్ వేసినప్పుడు కూడా ఇవే ఏడుపులు. ఇప్పుడు 44వ నంబరు హైవే పొడవునా గోడౌన్లే. సార్టింగ్, లోడింగ్, డ్రైవర్లు, టీ బండ్లు... ఇవి పనులు కావా?

పాత స్కానర్:
లెక్క సరే అన్నా, నంబరేది? 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ ఉండాల్సిందే కదా.

రింగురోడ్డు:
శాతం తప్పన్నట్టు మీరే రాశారు.

పాత స్కానర్:
ఎక్కడ రాశాను?

నైట్ షిఫ్ట్:
దసరా, దీపావళికి రమ్మని ఫోన్లు. సంక్రాంతికల్లా 'పని లేదు, పిలుస్తాం'. మావాడిది మూడేళ్లుగా ఇదే కథ.

రింగురోడ్డు:
ఒళ్లు వంచలేని వాళ్లకు అన్నీ వంకలే.

పాత స్కానర్:
ఒళ్లు వంచే చెయ్యి పోగొట్టుకున్నాను. పది గంటలు నిలబడి స్కాన్ కొట్టి చూడండి, ఆ తర్వాత మాట్లాడదాం.

రింగురోడ్డు:
మా అబ్బాయి డిగ్రీ అయి నాలుగేళ్లు. గ్రూప్స్ అంటూ అశోక్‌నగర్ రూములో ఉన్నాడు. నెలకు ఎనిమిది వేలు పంపుతున్నాను. నోటిఫికేషన్, వాయిదా, కోర్టు. వయసు పోతోంది. ఏదో ఒక పనిలో చేరరా అంటే మీలాంటి వాళ్లు రాసినవి తెచ్చి నాకే చూపిస్తాడు! ఆ 14 వేలైనా వద్దా?

పాత స్కానర్:
నేనూ అశోక్‌నగర్ నుంచే గోడౌన్‌కు వెళ్లాను. ఇంట్లో డబ్బులు అడగలేక. పని వద్దని నేను అనలేదు. దెబ్బ తగిలితే 'నువ్వెవరు' అని అడిగే పని వద్దంటున్నా.

రింగురోడ్డు:
చెయ్యి ఇప్పుడెలా ఉంది?

పాత స్కానర్:
రెండు వేళ్లు మడతపడవు. మీవాణ్ని పంపేట్టయితే చేరిన వారంలోనే ఈఎస్ఐ నంబరు అడిగి ఫోన్‌లో పెట్టుకోమనండి. ఇవ్వకపోతే రెండో నెలకు ఉండొద్దు.

రింగురోడ్డు:
చెబుతాను. వింటాడో లేదో.

కొత్త మెంబర్:
ఇంటర్వ్యూలు ఎప్పుడో ఎవరికైనా తెలుసా? ఇంటర్ ఫెయిల్ అయినా తీసుకుంటారా?