శుద్ధ ధన్యాసి, డిస్టార్షన్, చిన్నాయన క్లారినెట్

అనంతపురం గిటార్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. కాలేజీ ఫెస్ట్‌కు మా సొంత రాక్ పాట ఒకటి తయారు చేస్తాండాం. రెండు గిటార్లు, బేస్, కీబోర్డ్, డ్రమ్స్. మా చిన్నాయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, ఆయన్నీ స్టేజీ ఎక్కించాలని ఆశ. పాట ఈ (E) మైనర్ పెంటటానిక్, అంటే అయిదు స్వరాల స్కేలు. ఈ, జి, ఏ, బి, డి అని రాసిస్తే ఆయన అవే వాయిస్తాడు, మాకేమో ఇంకేదో పాట వినిపిస్తాది. ఫిడేలు వాయించే క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఉంది. విడిగా బ్రహ్మాండం, కీబోర్డ్ కలిస్తే చాలు కొరుకుతాది. అందరిదీ ఒకే స్కేల్ కదా, ఎందుకిట్ల?

కడప కీస్:
క్లారినెట్ బి ఫ్లాట్ వాద్యం బ్రో. సి అని రాస్తే బి ఫ్లాట్ మోగుతుంది. కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ నొక్కేయ్, స్వరాలన్నీ కలిసి జరుగుతాయి, అయిపాయె.

ప్రొద్దుటూరు బ్యాండు మేళం:
ఆ బటన్ కీబోర్డ్‌నే జరుపుతాది, గిటార్లను ఎవరు జరపాల నాయనా?

అబ్బాయ్, మీకు ఈ స్వరం అంటే మీ చిన్నాయన కాగితం మీద ఎఫ్ షార్ప్ ఉండాల. మూడు షార్పుల స్కేలు. వాయిస్తాడులే, కానీ మళ్లీ మళ్లీ వచ్చే వేగమైన రిఫ్‌లో ఆయన్ను ఎందుకు సతాయించేది? గిటార్లు, బేసు తీగలన్నీ రెండు ఫ్రెట్ల మేర దించండి. మీ వేళ్లు అవే చోట్ల ఉంటాయి, మోగేది మాత్రం డి మైనర్. దానికి ఆయన ఈ మైనర్ వాయించాల, ఒకటే షార్ప్. అంటే నువ్వు రాసిచ్చిన కాగితమే సరిపోతాది! తీగలు వదులైతాయి, కాస్త లావు సెట్ వేయించుకోండి.

ఇంకోటి. అందరూ రిఫ్ మీద పడొద్దు. డిస్టార్షన్ (గరగరలాడే ఎఫెక్ట్) వేసిన గిటార్‌లో షడ్జమం, పంచమం చాలు, గాంధారం కూడా కలిపితే ముద్దైపోతాది. ఆ గాంధారం చిన్నాయనకియ్యండి. బెండ్లు, అదే స్వరాన్ని వంచి జార్చడం, నేర్పించే పనిల్యా. పెళ్లిళ్లలో పాడేవాళ్ల గమకాలన్నీ క్లారినెట్ మీద పలికించినోళ్లకు మీ వంగిన బ్లూ నోట్ ఒక లెక్కనా!

కర్నూలు ఫిడేలు:
మీ పెంటటానిక్ మన శుద్ధ ధన్యాసి రాగమే. స గ మ ప ని. రిషభం, ధైవతం ఉండవు. గొడవంతా ఆ లేని ధైవతం దగ్గరే అనుకుంటా. మీ కీబోర్డ్ అబ్బాయి ఏ (A) మేజర్ కార్డ్ పడుతున్నాడా? అందులో సి షార్ప్ ఉంది, చతుశ్రుతి ధైవతం, ఖరహరప్రియ రాగం దారి. మైనర్ అన్నారు కదా అని ఆ అమ్మాయి నటభైరవి రాగం పట్టుకొని సి, అంటే శుద్ధ ధైవతం, వాయిస్తే రెండూ అర మెట్టు తేడాలో రాసుకుంటాయి. గిటార్లలో ధైవతమే లేదు కాబట్టి వాళ్లకు ఈ తగాదా తెలియను కూడా తెలియదు. నన్నడిగితే ఏ మేజరే ఉంచండి, రాక్‌కు ఆ వెలుగు బాగుంటుంది. ఫిడేలే ధైవతం మార్చుకోవాలి.

అనంతపురం గిటార్:
మేడం, ఏ మేజరే! వాడు దాన్ని చచ్చినా వదలడు. మరి తీగలు దించితే ఫిడేలు సంగతి?

కర్నూలు ఫిడేలు:
శ్రుతి 3 (ఈ) నుంచి 2 (డి)కి దించుకుంటుంది, వేళ్లు అవే.

కడప కీస్:
కీబోర్డ్‌కు మైనస్ 2. బటన్ పనికొచ్చిందా లేదా మేళం అన్నా?

ప్రొద్దుటూరు బ్యాండు మేళం:
వచ్చిందిలే. పాడేవానికి కూడా రెండు మెట్లు తగ్గింది, కింది స్వరాలు అందుతాయా లేదా ఇప్పుడే పాడించి చూడండి.