గ్యాస్ రోజు ఉదయం 10కి, కరెంటు రోజు అర్ధరాత్రికి: మధ్యలో ఎవరు సర్దుతారు?

నమస్కారం. న్యూజెర్సీలో ఉంటున్నాను, పవర్ మార్కెట్ పనికి కొత్త. 2022 డిసెంబర్ 24 ఉదయం, చలి తుఫానులో, పీజేఎంలో (మా ప్రాంతపు కరెంటు గ్రిడ్‌ను, మార్కెట్‌ను నడిపే సంస్థ) దాదాపు 47,000 మెగావాట్ల ప్లాంట్లు మొరాయించాయి, అందులో సుమారు 70 శాతం గ్యాస్ ప్లాంట్లే. యంత్రాలు గడ్డకట్టడం అర్థమైంది. అర్థం కానిది గడియారం! గ్యాస్ రోజు, అంటే పైపులైన్లు గ్యాస్‌ను లెక్కగట్టే 24 గంటలు, మాకు ఉదయం 10కి మొదలవుతుంది, కరెంటు రోజు అర్ధరాత్రికి. 2015లో ఫెర్క్ (అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ) నామినేషన్ గడువును, అంటే ఎంత గ్యాస్ కావాలో పైపులైన్‌కు ముందే చెప్పాల్సిన వేళను, ఇంకాస్త ఆలస్యంగా మార్చింది గానీ, ఈ 10ని కదపలేదు. పైగా శని, ఆది, సోమవారాల గ్యాస్‌ను సాధారణంగా శుక్రవారమే కలిపి కొనాలట (పండగొస్తే ఇంకా కష్టం).

తెల్లవారుజామున చలి ముదిరి, ప్లాంటును ఉన్నట్టుండి నడపమంటే గ్యాస్ ఎక్కడిది? పైపులో నిల్వున్నది వాడుకోనిస్తారా, జరిమానా వేస్తారా? షెడ్యూలింగ్‌లో చేసినవాళ్లు అలాంటి ఒక్క రాత్రి ఎలా గడుస్తుందో చెప్పరూ?