మిరపలో పూత రాలుతోంది, ఆకు ముడుచుకుంటోంది: నల్ల తామర పురుగేనా? మీరేం చేశారు?

పల్నాడు_కౌలు
అందరికీ నమస్తే. మాది సత్తెనపల్లి వైపు, కౌలుకి తీసుకుని మిరప వేశాను. పూత దండిగా వచ్చింది గానీ నిలవట్లేదు, పొద్దున్నే చూస్తే చెట్టు కింద తెల్లగా రాలి ఉంటోంది. చిగుళ్లలో కొన్ని ఆకులు పైకి ముడుచుకున్నాయి, కొన్ని కిందికి. షాపులో చెబితే "నల్లి" అని నాలుగు డబ్బాలు చేతిలో పెట్టారు. నల్లికొకటి, దోమకొకటి, పురుక్కొకటి, ఇంకోటి "బయో" అట. అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నారు. ఇంకా కొట్టలేదు. 2021లో నల్ల తామర దెబ్బకి మా చుట్టుపక్కల తోటలు దున్నేయడం కళ్లారా చూశాను, అందుకే భయం.

మానుకోట_మిర్చి
అన్నా, ఆ డబ్బాలు ముందుగాల పక్కన పెట్టు. పొద్దున్నే చేనులోకి పోయి, విచ్చిన పూలు తెంపి తెల్ల కాగితం మీద తట్టు. నల్లగా, సన్నగా, గీత లెక్క ఉన్నవి ఉరుకుతున్నయంటే నల్ల తామర. ఆకు మీద వెతికితే సగం మందికి దొరకదు, ఎందుకంటే పెద్ద పురుగు పూవులనే కూసుంటది. గా యేడు మా మహబూబాబాద్ దిక్కు, ఖమ్మం దిక్కు గిట్లనే అయింది. అందరం ఆకుముడతకు కొడుతున్నం, అది పూవుల కూసొని పుప్పొడి తింటున్నది.

పురుగుల_మేడం
ఎంటమాలజీ చదివాను, ఇప్పుడు రైతులతోనే పని. మానుకోట అన్న చెప్పింది సరైన పరీక్ష. ఒక విషయం మాత్రం కలుపుతాను: పల్నాడు అన్న చేలో ముడత రెండు రకాలుగా ఉందంటే పురుగు కూడా ఒకటి కాకపోవచ్చు.

ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. ఇది మనకు ఎప్పటి నుంచో ఉన్నదే, లేత పసుపు రంగులో ఉంటుంది. అంచులు కిందికి తిరిగి ఆకు తిరగేసిన పడవలా అయితే, కాడ సాగితే, ఆకు ముదురు ఆకుపచ్చగా మారితే అది తెల్లనల్లి. నల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లది. కీటకాల మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. ఆకులు చిన్నవై, కణుపులు దగ్గరపడి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. దానికి ఏ మందూ లేదు. అలాంటి మొక్కలు మొదట్లోనే పీకి తగలబెట్టి, దోమను అదుపు చేయడమే.

నల్ల తామర వీటికి వేరు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం. పిల్ల పురుగులు ఆకు అడుగున గీకి రసం పీలుస్తాయి, అడుగున గోధుమ రంగు చారలు పడతాయి. పెద్దవి పూవుల్లోకి చేరతాయి. పూత రాలుతుంది, నిలిచిన కాయ కూడా వంకర పోతుంది. గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి, ప్యూపా దశ (పిల్ల పురుగు పెద్దదిగా మారే దశ) ఎక్కువగా మట్టిలో గడుస్తుంది. అంటే మీరు ఎంత బలమైన మందు కొట్టినా ఆ రోజుకి గుడ్డూ ప్యూపా రెండూ తప్పించుకుంటాయి. వారం తిరక్కుండా మళ్లీ కనిపిస్తే "మందు నకిలీ" అనుకుంటారు. కొన్నిసార్లు నకిలీయే, కాదనను. కానీ ఎక్కువసార్లు జరిగేది ఇదే.

సిరుగుప్ప_రెడ్డి
మేము బళ్లారి జిల్లాలో ఉంటాం, ఇంట్లో తెలుగే. మాకూ అదే ఏడు దెబ్బ తగిలింది. మా దగ్గర చాలామంది చేసిన పని, ఖరీదైన కొత్త మందు ఒకటి కొట్టడం, తగ్గకపోతే ఇంకో ఖరీదైంది కొట్టడం. మేడం గారూ, బ్రోఫ్లానిలైడ్ పనిచేయకపోతే ఫ్లక్సామెటమైడ్‌కి మారితే ఫలితం ఉంటుందా?

పురుగుల_మేడం
రెడ్డి గారూ, మంచి ప్రశ్న, షాపుల్లో ఎవరూ చెప్పరు. అవి రెండూ, ఐసోసైక్లోసెరామ్ కూడా, పనిచేసే తీరును బట్టి ఒకే గ్రూపు, 30. పేరు మారింది, డబ్బా రంగు మారింది, పురుగు మీద దెబ్బ పడే చోటు మాత్రం అదే. మార్చి కొట్టడమంటే గ్రూపు మార్చడం. స్పైనటోరామ్ గ్రూపు 5, సయాంట్రానిలిప్రోల్ 28, ఫిప్రోనిల్ 2. కొన్ని లేబుళ్ల మీద ఈ నంబరు ఉంటుంది. లేకపోతే టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, ఫోన్లో వెతకండి. బ్రాండు పేరు చూసి కొనకండి.

ఇంకోటి. సింథటిక్ పైరిత్రాయిడ్లు, అంటే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహాలోత్రిన్ లాంటివి, పూత మీద కొట్టకండి. తామరను తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు ముందు చస్తాయి, తామర మళ్లీ రెట్టింపు వస్తుంది.

పల్నాడు_కౌలు
పొద్దున తట్టి చూశాను. తోట మధ్యలో పూవుకి రెండు మూడు నల్లవి. పత్తి చేను పక్కనున్న గట్టు వైపు మాత్రం పూవుకి ఎనిమిది దాకా ఉన్నాయి. కింది ముడత చెట్లు దక్షిణం మూల ఒక పాయలోనే ఉన్నాయి. అంటే రెండూ ఉన్నట్టే కదా?

మానుకోట_మిర్చి
రెండూ ఉన్నయ్. మంచిదే, మూల ఒక్కదానికే నల్లి మందు కొట్టుకో, చేనంతా ఎందుకు? గట్టు మీద వయ్యారిభామ కలుపు ఉంటే పీకెయ్, పురుగుకు అది గూడ ఆసరా.

పురుగుల_మేడం
అవును. మూలకి నల్లి మందు స్పైరోమెసిఫెన్ లీటరు నీటికి 1 మి.లీ. మిగతా తోటకి తామర మందు, ఉదాహరణకి స్పైనటోరామ్ 11.7 శాతం లీటరుకి 1 మి.లీ, లేదా ఫిప్రోనిల్ 5 శాతం ద్రావణం 2 మి.లీ. ఒక్కసారికి ఒక్కటే. ఈ రెండూ తేనెటీగలకు విషమే, కాబట్టి సాయంత్రం ఈగలు వెళ్లాక కొట్టండి. ఆ తర్వాత విడతకి వేపనూనె, ఆ తర్వాత గ్రూపు మార్చిన మందు. కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది. మిర్చిలో మందు అవశేషాలు ఎక్కువుంటే ఎగుమతికి పనికిరాదు.

ఎకరాకి 25 నుంచి 30 నీలిరంగు జిగురు అట్టలు, పూత ఎత్తుకి కట్టండి. పసుపువి తెల్లదోమకి, పచ్చదోమకి. ఎవరో లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని పట్టేవి) కొనమని చెప్పినట్టు ఇంకో చోట చదివాను. అవి పచ్చపురుగుకి, లద్దె పురుగుకి పెట్టేవి, తామర వాటిలో పడదు.

నంద్యాల_ప్రకృతి
మా ఇంట్లో రసాయన మందు లేకుండానే చేస్తున్నాం. చుట్టూ మూడు వరుసలు జొన్న, లోపల అక్కడక్కడా బంతి, నీమాస్త్రం (వేపాకు, ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం), ఆఖరి దుక్కిలో వేపపిండి ఎకరాకి 200 కిలోలు. తామర ఉంటుంది కానీ తోట పోలేదు.

సిరుగుప్ప_రెడ్డి
అన్నా, మీది ఎంత విస్తీర్ణం? ఒకటి రెండు ఎకరాలకి నీమాస్త్రం చేసుకోవచ్చు, పదెకరాలకి కూలీలు ఎక్కడ దొరుకుతారు? వ్యతిరేకంగా అనట్లేదు.

నంద్యాల_ప్రకృతి
ఎకరంన్నరే తమ్ముడూ, దాచేదేముంది. అయినా జొన్న కంచెకి, వేపపిండికి విస్తీర్ణంతో పనిలేదు. అవి పంట పెట్టేముందు చేసే పనులు. ఇప్పుడు పూత మీద ఉన్న తోటకి నేను చెప్పింది కొంతే పనికొస్తుంది, అది ఒప్పుకుంటాను. యూరియా మాత్రం తగ్గించండి, లేత చిగురు ఎంత ఎక్కువైతే పురుగుకి అంత విందు.

కారంచేడు_చిన్నోడు
డ్రోన్‌తో కొట్టిస్తే? మా ఊళ్లో ఇప్పుడు అదే ఫ్యాషన్.

మానుకోట_మిర్చి
డ్రోన్ ఎకరాకు పది లీటర్ల నీళ్లతోనే కొడుతది తమ్మీ. గుబురు మిరపల ఆకు అడుగుకు, పూవు లోపలికి మందు ఎట్ల చేరుతది? వరికి బాగుంటదేమో. నేనైతే తైవాన్ పంపు (వీపుకు తగిలించుకునే ఇంజను పంపు)తోనే, నాజిల్ కింది నుంచి పైకి పెట్టి, చెట్టు తడిసేటట్టు కొట్టిస్త. ఎకరాకు రెండు వందల లీటర్ల దాకా పడుతయ్. కొట్టేటాయనకు మాస్కు, చేతులకు తొడుగులు ఇయ్యుండ్రి. మూతికి తువ్వాల కట్టుకుంటే సాలదు.

పల్నాడు_కౌలు
షాపు డబ్బాల్లో ఆ "బయో" సీసా చూశాను. రిజిస్ట్రేషన్ నంబరు లేదు, విషం ఎంతో చెప్పే రంగు త్రికోణం లేదు, లోపల ఏముందో రాయలేదు. బిల్లు అడిగితే తర్వాత ఇస్తానన్నారు.

పురుగుల_మేడం
అది వాపసు ఇచ్చేయండి. అలాంటి వాటిలో పేరు రాయకుండా గట్టి పురుగుమందే కలుపుతున్నారని చాలాసార్లు బయటపడింది. దాని మీద ఇంకో మందు కొడితే మోతాదు ఎంతయిందో మీకే తెలియదు. బిల్లు లేకుండా ఏదీ కొనొద్దు. రేపు నష్టపరిహారం అడగాలన్నా మీ దగ్గర ఉండే ఆధారం అదే.

పల్నాడు_కౌలు
సరే మేడం. రేపు సాయంత్రం మూలకి నల్లి మందు, మిగతాకి స్పైనటోరామ్ ఒక్కటే. ఒక సందేహం: పక్క పత్తి చేను వేరేవాళ్లది, పూత మీదే ఉంది, వాళ్లు ఏమీ కొట్టట్లేదు. మాట్లాడితే వింటారో లేదో. అటువైపు అట్టలు దగ్గర దగ్గరగా కడితే లాభముంటుందా?

సిరుగుప్ప_రెడ్డి
కట్టండి, నిండగానే మార్చండి, దుమ్ము పడితే జిగురు పోతుంది. పక్కాయన్ని మాత్రం చేలోకి పిలిచి ఆయన పత్తి పూవునే కాగితం మీద తట్టి చూపించండి. మా దగ్గర మాటలకంటే అదే పనిచేసింది.